8,75,39,319తో పెట్టిన పరీక్ష: సంఖ్యల లక్షణాలు చెప్పే ఒక యాప్‌పై సమీక్ష

ఏదైనా పూర్ణ సంఖ్యను టైప్ చేస్తే దాని ప్రధాన కారణాంకాలు, భాజకాలు, బైనరీ రూపం, అది ఏయే తరగతులకు చెందుతుందో తెలిపే పేర్లు అన్నీ ఒకే తెరమీద చూపించే యాప్ ఒకటి నాలుగు నెలలుగా నా ఫోన్‌లో ఉంది. సంఖ్యాశాస్త్రం మీద ఇష్టంతో దాదాపు ప్రతిరోజూ దాన్ని తెరుస్తున్నాను. అందులో గట్టి లోపం ఒకటి కనిపించినందువల్ల దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అయితే ఇదే పని చేసే యాప్‌లు చాలా ఉన్నాయి, వాటిలో ఏది ఎంచుకున్నా ఏయే సంఖ్యలతో పరీక్షించి చూడాలో ఈ సమీక్ష చదివినవారికి తెలుస్తుంది.

చిన్న సంఖ్యలతో ఇలాంటి యాప్‌లను పరీక్షించి లాభం లేదు, 360 గురించి ఏ యాప్ అయినా సరిగానే చెబుతుంది. నేను ముందుగా ఎంచుకున్నది 8,75,39,319. రామానుజన్ పేరుతో ప్రసిద్ధమైన 1729ను రెండు ధన ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయవచ్చునని చాలామందికి తెలుసు. అలా మూడు రకాలుగా రాయగలిగిన సంఖ్యలన్నింటిలో అతి చిన్నది 8,75,39,319. దీన్ని 1957లో జాన్ లీచ్ కనుగొన్నాడు. ఈ సంఖ్యను నేను చాలాకాలంగా ఎరుగుదును, కాగితం మీద ఎన్నోసార్లు విడగొట్టి చూశాను. కాబట్టి యాప్ ఏం చెప్పినా తప్పొప్పులు నిర్ణయించగలనన్న ధైర్యం ఉంది.

కారణాంకాల విభాగంలో వచ్చిన జవాబు 3³ × 7 × 31 × 67 × 223. ఇది సరైనదే. 27ను 7తో గుణిస్తే 189, దాన్ని 31తో గుణిస్తే 5,859, దాన్ని 67తో గుణిస్తే 3,92,553, చివరకు 223తో గుణిస్తే మొదటి సంఖ్యే వస్తుంది. భాజకాల సంఖ్య 64 అనీ, వాటి మొత్తం 15,59,75,680 అనీ, తనకంటే చిన్నవై తనతో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని సంఖ్యలు 4,74,72,480 అనీ చెప్పింది. మూడింటినీ చేత్తో లెక్కవేసి సరిచూసుకున్నాను, మూడూ సరిపోయాయి. భాజకాలు అరవై నాలుగింటినీ ఆరోహణ క్రమంలో చూపిస్తుంది, ఒక్కొక్క భాజకాన్ని తాకితే దాని జత భాజకం పక్కనే వెలుగుతుంది. చిన్న సౌకర్యమే అయినా జతలు వెతుక్కునేవారికి ఎంతో పని తగ్గిస్తుంది.

ఘనాల విభాగానికి వస్తే యాప్ మూడు వరుసలు చూపించింది: 167³ + 436³, 228³ + 423³, 255³ + 414³. మూడూ నిజమే, అతి చిన్న సంఖ్య అన్న మాటా ఉంది. కానీ ఈ విభాగం అంతటితో ఆగిపోవడం నాకు చాలా వెలితిగా అనిపించింది. కారణాంకాలను పై విభాగంలో చూపించిన యాప్, ఘనాలను కింది విభాగంలో చూపించి, రెంటికీ మధ్య ఉన్న దారిని మాత్రం చూపించలేదు. ఆ దారి ఎంత అందమైనదో ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

రెండు ఘనాల మొత్తాన్ని ఆ రెండు సంఖ్యల మొత్తం ఎప్పుడూ నిశ్శేషంగా భాగిస్తుందని పాఠశాల బీజగణితంలోనే చదువుకుంటాం. అందువల్ల 167 + 436 = 603, 228 + 423 = 651, 255 + 414 = 669 అనే మూడు మొత్తాలూ మన సంఖ్యకు భాజకాలు కావాలి. ఇప్పుడు వాటిని విడగొట్టి చూడండి: 603 అంటే 3² × 67, 651 అంటే 3 × 7 × 31, 669 అంటే 3 × 223. మూడును పక్కన పెడితే మిగిలిన నాలుగు ప్రధాన కారణాంకాలను ఈ మూడు జతలూ ఒకటి మిగలకుండా, ఒకటి రెండుసార్లు రాకుండా పంచుకున్నాయి. మొదటిసారి కాగితం మీద ఇది కనిపించినప్పుడు నేను చాలాసేపు ఆ మూడు వరుసలనే చూస్తూ కూర్చున్నాను.

ఇంకొంచెం ముందుకు వెళితే, నాలుగో రకం ఎందుకు లేదో కూడా ఇదే దారిలో తెలిసిపోతుంది. రెండు ధన సంఖ్యల మొత్తానికి ఘనం చేస్తే అది వాటి ఘనాల మొత్తం కంటే పెద్దది, దానికి నాలుగు రెట్లను మాత్రం దాటదు. కాబట్టి మనం వెతకవలసిన మొత్తం 445కూ 704కూ మధ్యలోనే ఉండాలి. అరవై నాలుగు భాజకాల్లో ఆ హద్దుల మధ్య పడేవి నాలుగే: 469, 603, 651, 669. వీటిలో 469ని కొట్టివేయడానికి పెద్ద లెక్క అక్కరలేదు. ఒక సంఖ్యనూ దాని ఘనాన్నీ 3తో భాగిస్తే ఒకే శేషం వస్తుంది. మన సంఖ్య 3 చేత భాగించబడుతోంది కాబట్టి ఆ రెండు సంఖ్యల మొత్తం కూడా 3 చేత భాగించబడాలి, 469 అలా భాగించబడదు. మిగిలిన మూడే మన మూడు జతలు. యాప్ దగ్గర భాజకాల పట్టిక సిద్ధంగా ఉంది, హద్దులు లెక్కకట్టడం ఒక్క క్షణం పని. ఈ నాలుగు భాజకాలను వేరే రంగులో చూపించి ఉంటే కాలేజీ విద్యార్థి ఒకడు ఈ తెర చూసి ఒక సిద్ధాంతం నేర్చుకునేవాడు. ఇప్పుడు మూడు వరుసలు చూసి ఔరా అనుకుని వెళ్ళిపోతాడు. 7, 31, 67, 223 నాలుగింటినీ 3తో భాగిస్తే శేషం 1 రావడం కూడా కాకతాళీయం కాదు, రెండు ఘనాల మొత్తంలోని రెండో గుణకం స్వభావం నుంచే అది వస్తుంది. యాప్ ఆ సంగతీ పట్టించుకోలేదు.

వర్గాల విభాగం దీనికంటే మెరుగ్గా ఉంది. ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేమనీ, మూడు వర్గాల మొత్తంగానూ రాయలేమనీ, నాలుగు వర్గాలు కావాలనీ చెప్పి, కారణాన్ని ఒక్క వాక్యంలో ఇచ్చింది: 8తో భాగిస్తే శేషం 7. ఏ వర్గాన్నయినా 8తో భాగిస్తే 0, 1, 4 తప్ప వేరే శేషం రాదు, వాటిలో మూడింటిని ఎలా కూడినా 7 రాదు. నాలుగు వర్గాలు ఏ సంఖ్యకైనా సరిపోతాయని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. బైనరీ రూపం 101001101111011111001110111 అని పక్కనే ఉంది, చివరి మూడు స్థానాల్లో 111 ఉండడమే శేషం 7 అనడం. ఘనాల విభాగాన్ని కూడా ఇలాగే రాసి ఉంటే ఈ సమీక్షలో సగం నిష్ఠురం ఉండేది కాదు.

ఇక పేర్ల విభాగం. యాప్ ఈ సంఖ్యకు ఇరవైకి పైగా పేర్లు తగిలించింది. అన్నీ సరిచూడగలిగినంత వరకూ సరిగానే ఉన్నాయి. వచ్చిన చిక్కు తప్పొప్పులది కాదు, తూకానిది. న్యూన సంఖ్య అని మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో ఉంది. తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం 6,84,36,361, అది సంఖ్య కంటే తక్కువ, కాబట్టి మాట నిజమే. కానీ పూర్ణ సంఖ్యల్లో సుమారు నాలుగింట మూడు వంతులు న్యూన సంఖ్యలే, బేసి సంఖ్యల్లోనైతే 945కు ముందు అందుకు మినహాయింపు ఒక్కటి కూడా లేదు. రెండో వరుసలో ఓడియస్ సంఖ్య అని ఉంది. బైనరీ రూపంలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే ఆ పేరు, ఇక్కడ అవి పందొమ్మిది. సంఖ్యల్లో సరిగ్గా సగానికి ఈ పేరు వర్తిస్తుంది. పందొమ్మిది ప్రధాన సంఖ్య కాబట్టి పెర్నిషస్ అనే పేరూ వచ్చింది. మూడు రకాలుగా రెండు ఘనాల మొత్తమయ్యే అతి చిన్న సంఖ్య అన్న మాట మాత్రం పదిహేడో వరుసలో, వేలితో తెరను పైకి జరిపితే తప్ప కనిపించనంత దిగువన ఉంది. కోటానుకోట్ల సంఖ్యలకు చెల్లే పేరును నెత్తిన పెట్టి, ఈ ఒక్క సంఖ్యకే దక్కిన గౌరవాన్ని అడుగున దాచడం నాకు మింగుడు పడలేదు.

పేర్లలో ఇంకొక తేడాను కూడా చూపించి ఉండవలసింది. కొన్ని లక్షణాలు సంఖ్యవి, కొన్ని మనం దాన్ని రాసే పద్ధతివి. భాజకాలు, ఘనాలు, వర్గాలు ఏ లిపిలో రాసినా, పది ఆధారంగా రాసినా, రెండు ఆధారంగా రాసినా మారవు. ఆనంద సంఖ్య అనే పేరు అలాంటిది కాదు. అంకెల వర్గాలను కూడుతూ పోతే చివరకు 1 దగ్గరకు చేరే సంఖ్యను ఆనంద సంఖ్య అంటారు. 8,75,39,319లోని అంకెల వర్గాలు కూడితే 319 వస్తుంది, అక్కడి నుంచి 91, 82, 68, 100, చివరకు 1. మొదటి అడుగులోనే సంఖ్యలోని చివరి మూడు అంకెలు మళ్ళీ ప్రత్యక్షం కావడం చూడముచ్చటగా ఉంటుంది, అందులో మరో విశేషం ఏమీ లేదు. ఇలాంటి ఆటలంటే నాకూ ఇష్టమే. వాటిని వేరే గదిలో ఉంచి, ఇవి దశాంశ పద్ధతిని బట్టి వచ్చిన లక్షణాలు అని పైన రాసి ఉంటే కొత్తగా నేర్చుకునేవారు పొరబడరు. నీల్ స్లోన్ 1964లో అనుక్రమాలు సేకరించడంతో మొదలైన పూర్ణాంకాల అనుక్రమాల విజ్ఞాన సర్వస్వంలో అంకెల రాతపై ఆధారపడిన అనుక్రమాలకు ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. యాప్ తయారుచేసినవారు ఆ ఒక్క పద్ధతిని అనుసరించినా సరిపోయేది.

రెండో పరీక్షకు చాలా పెద్ద సంఖ్యను తీసుకున్నాను: 2⁶⁷ − 1, అంటే 14,75,73,95,25,89,67,64,12,927. ఇది ప్రధాన సంఖ్య కాదని 1876లో లూకాస్ కారణాంకాలు చెప్పకుండానే నిరూపించాడు. కారణాంకాలను 1903లో కోల్ ప్రకటించాడు. ఇరవై ఒక్క అంకెల ఈ సంఖ్యను ఎంచుకోవడానికి కారణం ఉంది. పెద్ద సంఖ్యలను దశాంశ బిందువుతో కూడిన రూపంలో దాచుకునే ప్రోగ్రాములు 9,00,71,99,25,47,40,992 దాటిన తరువాత ప్రతి పూర్ణ సంఖ్యనూ విడిగా గుర్తుపెట్టుకోలేవు. ఇంతకుముందు నేను వాడిన మరో యాప్‌లో ఇదే సంఖ్యను టైప్ చేస్తే సరి సంఖ్య అని జవాబు వచ్చింది. చివర 7 కొట్టింది నేనే, ఎదురుగా సరి సంఖ్య అన్న మాట. లోపల అది 2⁶⁷ − 1ను 2⁶⁷గా సర్దేసుకుందని అర్థమయ్యాక ఆ యాప్‌ను తీసివేశాను. ఇప్పటి యాప్ ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గింది. ఒక్క అంకె కూడా పోగొట్టకుండా 19,37,07,721 × 7,61,83,82,57,287 అని రెండు సెకన్ల లోపే విడగొట్టింది. గుణకారం ఎలాగూ చేయగలం కాబట్టి ఇలాంటి జవాబును నమ్మవలసిన పని లేదు, సరిచూసుకోవచ్చు. నేను సరిచూశాను.

మూడో పరీక్షలో యాప్ ఓడిపోయింది. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే.

సంఖ్య 3,21,50,31,751. పది అంకెలే, రెండో పరీక్షలోని సంఖ్యలో సగం పొడవు కూడా లేదు. యాప్ దీన్ని ప్రధాన సంఖ్య అంది. కాదు. ఇది 151 × 751 × 28,351. కాగితం తీసుకుని 151తో భాగిస్తే 2,12,91,601 వచ్చి శేషం ఏమీ మిగలదు, అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

తప్పు ఎక్కడ జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చడానికి ఒక్కొక్క సంఖ్యతో భాగించుకుంటూ పోతే చాలా సమయం పడుతుంది కాబట్టి మిల్లర్, రాబిన్‌ల పేరుతో ఉన్న పరీక్షను వాడతారు. కొన్ని ఆధార సంఖ్యలను తీసుకుని, ప్రధాన సంఖ్య అయితే తప్పక నిలవవలసిన ఒక నియమం నిలుస్తోందో లేదో ఆ పరీక్ష చూస్తుంది. నియమం తప్పితే అది నిస్సందేహంగా సంయుక్త సంఖ్య. నియమం నిలిచినంత మాత్రాన ప్రధాన సంఖ్య అని తేలినట్టు కాదు, ఎందుకంటే కొన్ని సంయుక్త సంఖ్యలు కొన్ని ఆధారాలకు లొంగకుండా తప్పించుకుంటాయి. 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలతో పరీక్షిస్తే 2,500 కోట్ల లోపు తప్పించుకునే సంయుక్త సంఖ్య ఒకే ఒక్కటి ఉందని 1980లో పోమరెన్స్, సెల్ఫ్రిడ్జ్, వాగ్‌స్టాఫ్ తేల్చారు. ఆ ఒక్కటీ 3,21,50,31,751. పైగా ఇది కార్మైకేల్ సంఖ్య కూడా, అంటే ఫెర్మా పరీక్షలో ప్రధాన సంఖ్యలాగే కనిపించే సంయుక్త సంఖ్య. దీనికంటే ఒకటి తక్కువైన సంఖ్యను 150, 750, 28,350 మూడూ నిశ్శేషంగా భాగిస్తాయి, అందువల్ల ఫెర్మా పేరుతో ఉన్న మామూలు పరీక్షకు కూడా ఇది సులువుగా చిక్కదు. యాప్‌లో ఆ నాలుగు ఆధారాలే ఉన్నాయన్నది నా అనుమానం. అయిదో ఆధారంగా 11ను చేరిస్తే ఈ సంఖ్య వెంటనే పట్టుబడుతుంది. 2 నుంచి 37 వరకు ఉన్న పన్నెండు ప్రధాన సంఖ్యలను ఆధారాలుగా పెడితే 2⁶⁴ లోపు ఏ సంఖ్య విషయంలోనూ పొరపాటు జరగదు. అందుకు అదనంగా పట్టే సమయం కంటికి తెలియనంత తక్కువ.

ఒక్క సంఖ్య దగ్గర తప్పితే ఏమైందని ఎవరైనా అడగవచ్చు. ఒక తప్పు ఎన్ని చోట్లకు పాకిందో చూస్తే సంగతి తెలుస్తుంది. ప్రధాన సంఖ్య అని నిర్ణయించుకున్నాక యాప్ కారణాంకాల కోసం వెతకనే లేదు. భాజకాలు రెండే అంది, నిజానికి ఎనిమిది. వాటి మొత్తం 3,21,50,31,752 అంది, నిజానికి 3,24,07,47,008. ఉమ్మడి భాజకం లేని సంఖ్యల లెక్క 3,21,50,31,750 అంది, నిజానికి 3,18,93,75,000. కింద పేర్ల విభాగమంతా ఈ తప్పు లెక్కల మీదే నిలబడింది. కార్మైకేల్ సంఖ్య అన్న అసలు పేరు ఎలాగూ రాలేదు. అన్నింటికంటే నన్ను బాధించింది, ప్రధాన సంఖ్య అన్న మాట పక్కన ఉన్న ఆకుపచ్చ గుర్తు. అది నిరూపితమైన ఫలితాలకు మాత్రమే పెడతామని యాప్ సహాయ పేజీలో స్పష్టంగా రాసి ఉంది. బహుశా ప్రధాన సంఖ్య అని ఉంటే నేను తప్పు పట్టేవాణ్ణి కాదు. గణితంలో నిరూపితం అన్న మాటకు ఉన్న బరువు వేరు, దాన్ని విద్యార్థుల చేతిలో పెట్టే సాధనం మరింత జాగ్రత్తగా వాడాలి. తయారీదారులకు కారణాంకాలతో సహా వివరంగా రాశాను. అందిందని జవాబు వచ్చింది, ఇది రాసే నాటికి సవరణ రాలేదు.

వాడకం గురించి చెప్పవలసింది కొంచెమే. 2^67-1 లాంటి వ్యక్తీకరణలను నేరుగా టైప్ చేయవచ్చు, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది, చూసిన సంఖ్యల చరిత్ర భద్రంగా ఉంటుంది. అంకెల మధ్య కామాలను కోట్లు, లక్షల లెక్కలో పెట్టుకునే వీలుంది. కాపీ చేసినప్పుడు ఘాతాంకాలు పక్కకు జారి 3³ కాస్తా 33గా మారుతుంది, లెక్కల్లోకి అతికించుకునేవారు చూసుకోవాలి.

కారణాంకాలు, భాజకాల లెక్కలు, వర్గాల వివరణ కోసం ఈ యాప్‌ను నిస్సంకోచంగా వాడవచ్చు, కారణాంకాలు చూపించిన ప్రతిచోటా గుణించి సరిచూసుకునే అవకాశం మన చేతిలోనే ఉంటుంది. ప్రధాన సంఖ్య అని చెప్పినప్పుడు మాత్రం మరో సాధనంలో కూడా చూసుకోండి. ప్రస్తుతానికి అయిదు నక్షత్రాల్లో మూడు ఇస్తున్నాను. 3,21,50,31,751 టైప్ చేసినప్పుడు మొదటి కారణాంకంగా 151 కనిపించిన రోజున దాన్ని నాలుగు చేస్తాను, ఘనాల విభాగంలో ఆ నాలుగు భాజకాలకు రంగు వేస్తే అయిదో నక్షత్రం కూడా ఇస్తాను.